పువ్వుల గళ్ళు సరే, కొలతలు కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గ్రానీ స్క్వేర్లతో, అంటే నడుమ నుంచి బయటికి అల్లుకుంటూ వచ్చే చదరపు గళ్ళతో, టాప్ అల్లుకోవడం ఎలాగో చెబుతూ వేసిన పేజీ చూశాను. నడుమ పసుపు బొడ్డు, చుట్టూ గులాబీ రంగు రేకులు, ఆకుపచ్చ వరస, దాన్ని చదరం చేస్తూ తెల్లటి అంచు. ఫొటో చూడగానే సూది అందుకోవాలనిపించేలా ఉంది. క్రోషేకి, అంటే కొక్కెం సూదితో దారం అల్లే పనికి, పత్రికలో ఒక పేజీ కేటాయించినందుకు ముందుగా నా ధన్యవాదాలు. బట్టలు కుట్టడం నా వృత్తి. మిషను మీద పని లేనప్పుడు క్రోషే అల్లుతాను, నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి నేర్పుతాను. ఈ రెండు పనులూ చేసేదాన్ని కాబట్టే ఆ పేజీలో ఏం లేదో నాకు వెంటనే కనిపించింది.

‘అయిదు అంగుళాల గళ్ళు 32 అల్లండి. వరసకు ఎనిమిది చొప్పున నాలుగు వరసలు కలిపితే టాప్ తయారు’ అని రాశారు. దారం ఎంత మందమో లేదు. సూది సైజు లేదు. ఎంత ఛాతీ ఉన్నవాళ్ళకి సరిపోతుందో లేదు. దుప్పటికైతే ఈ మాత్రం చాలు. నాలుగంగుళాలు పెరిగినా తరిగినా కప్పుకోవడానికి అడ్డేమీ ఉండదు. ఒంటికి వేసుకునేదానికి ఆ వెసులుబాటు లేదు. దానికి మెడ ఉంటుంది, చంక ఉంటుంది, చెయ్యి పైకెత్తితే లాగకూడదు, వంగితే వెనక పైకి పోకూడదు. గళ్ళు ఎంత అందంగా ఉన్నా, కొలత లేకుండా మొదలుపెడితే చివరికి పెట్టె అడుగున చేరేది అవే.

తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతె ఆ పేజీ చూసే మొదలుపెట్టి, 32 గళ్ళూ పూర్తిచేసి, కలపడానికి నా దగ్గరికి తెచ్చింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. మూలలన్నీ ఒక్క తీరుగా వచ్చాయి, రేకులు ఒకదానికొకటి తీసిపోవు. టేపు పెట్టి చూస్తే ఒక్కో గడి అయిదు ముప్పావు అంగుళాలు ఉంది. ఎనిమిది గళ్ళు పక్కపక్కన పెడితే 46 అంగుళాలు. ఆమె ఛాతీ 36. అల్లినదానికి నాలుగంగుళాల లూజు వేసుకున్నా 40 దాటకూడదు. పైగా ఆమె దొరికిన మందపాటి యాక్రిలిక్ ఊలు తీసుకుని, చేతిలో ఉన్న 4 మిల్లీమీటర్ల సూదితో అల్లేసింది. మీ పేజీలో సూది మాటే లేకపోతే ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? గళ్ళు అట్టముక్కల్లా బిగుసుకుపోయాయి.

అంత పని విప్పించడానికి నాకు మనసొప్పలేదు. అయిదు ముప్పావును ఏడుతో గుణిస్తే నలభైంబావు వస్తుంది. కాబట్టి టాప్ ఆలోచన మానేసి, ముందు తెరిచి ఉండే చేతుల్లేని కోటు చేద్దామన్నాను. వీపుకి మూడు నిలువు వరసలు, ముందు భాగాలకి చెరొకటి, చంకల కింద చెరొకటి, మొత్తం ఏడు. వీపుకీ ముందు భాగాలకీ నిలువునా నాలుగేసి గళ్ళు. చంక కింద వరసల్లో మాత్రం రెండేసి గళ్ళే పెట్టి, వాటి మీద రెండున్నర అంగుళాలు సాదా వరసలు అల్లి ఆపేశాం. అలా చేస్తే చంక లోతు తొమ్మిది అంగుళాలు వచ్చింది. భుజం మీద ఒక గడి, మెడ వెనక ఒక గడి, మళ్ళీ భుజం మీద ఒక గడి సరిగ్గా కూర్చున్నాయి. పైన వేసుకునే కోటు కాబట్టి బిరుసుగా ఉన్నా ఇబ్బంది లేదు. 24 గళ్ళతో పని అయిపోయింది. ఎనిమిది మిగిలాయి. ఆ అమ్మాయి దాన్ని ఇష్టంగానే వేసుకుంటోంది. కాకపోతే ఆమెకు కావలసింది టాప్. ఆ పేజీలో ఇంకో నాలుగు లైన్లు ఉండి ఉంటే టాపే అయ్యేది.

ఆ నాలుగు లైన్లు ఏమిటో చెబుతాను.

అన్నిటికన్నా ముందు, ఒక్క గడి అల్లి అక్కడ ఆగమని చెప్పాలి. ఆ గడిని ఉతకాలి. బట్ట పూర్తయ్యాక ఎలా ఉతుకుతామో అలాగే ఉతికి, పిండకుండా తువ్వాల్లో పెట్టి నీళ్ళు అద్ది, చదునుగా పరిచి ఆరబెట్టి, అప్పుడు టేపు పెట్టాలి. సూది మీంచి దిగిన గడి కొలతా ఉతికిన గడి కొలతా ఒకటి కావు. నూలు తడిస్తే కుదించుకుపోవచ్చు, ఊలు సాగవచ్చు. గడికి పావు అంగుళం తేడా అంటే చూపుకి ఆనదు. ఎనిమిది గళ్ళ చుట్టుకొలతలో అదే రెండు అంగుళాలు. కలిపే వరస కూడా కొంత స్థలం తింటుంది. రెండు గళ్ళ నడుమ సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టు వరసతో కలిపితే ఒక్కో కలుపుకి కొద్దిగా వెడల్పు పెరుగుతుంది, ఎనిమిది చోట్ల పెరిగితే అది లెక్కలోకి వస్తుంది. అందుకే నేను ఒక గడితో సరిపెట్టను. రెండు గళ్ళు అల్లించి, కలిపించి, ఉతికించి, ఆ జంటని కొలుస్తాను.

కొలత పెద్దదైతే సూది అర మిల్లీమీటరు తగ్గించాలి, చిన్నదైతే అర మిల్లీమీటరు పెంచాలి. అయితే సూది తగ్గించేకొద్దీ అల్లిక బిగుస్తుంది. కొలతకోసం బిగించి బిగించి అల్లేకంటే దారం మార్చుకోవడం మేలు. గడి మెత్తగా ఉందో లేదో తెలుసుకోవడానికి పిడికిలి మీద వేసి చూడమంటాను. నాలుగు మూలలూ కిందికి జారితే అది బట్టకి పనికొస్తుంది. మూలలు గాలిలోనే నిలబడితే ఆ దారానికీ ఆ సూదికీ పొత్తు కుదరలేదన్నమాట. డీకే (డబుల్ నిట్టింగ్) అనే మధ్యరకం మందం దారానికి నా చేతి వాటానికి 4.5 మిల్లీమీటర్ల సూది కుదురుతుంది. బిగించి అల్లేవాళ్ళకి 5 కావాలి. చెయ్యి చేతికీ తేడా ఉంటుంది కాబట్టే సూది సైజుతోపాటు గడి కొలత కూడా అచ్చువేయాలంటున్నాను.

దారం గురించి ఇంకొంచెం చెప్పాలి. నూలు చల్లగా ఉంటుంది, పువ్వు రేకులు స్పష్టంగా కనిపిస్తాయి. కానీ బరువు. నూలు టాపుని హ్యాంగరుకి తగిలిస్తే దాని బరువుకి అదే కిందికి సాగిపోతుంది, కాబట్టి మడతపెట్టే దాచుకోవాలి. యాక్రిలిక్ తేలిక, ఉతుక్కోవడం సులువు, కానీ దానిమీద వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అల్లిక చచ్చుపడి జారిపోతుంది, తిరిగి కోలుకోదు. అసలు ఊలుని వేడినీళ్ళలో వేసి రుద్దితే నూగు కట్టుకుపోయి చిన్నదైపోతుంది. రంగుల పువ్వు చుట్టూ తెల్లటి అంచు వేయాలనుకునేవాళ్ళు ఎరుపు, ముదురు నీలం దారాల తునకలు తడిపి తెల్లగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచి, రంగు దిగుతుందేమో చూడాలి. ఒకే రంగు ఉండలు కొనేటప్పుడు లేబుల్ మీద అద్దకం లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు, ఒకటేనా అని కూడా చూసుకోవాలి. చేతిలో పట్టుకుంటే తెలియని తేడా వీపు మీద పక్కపక్క గళ్ళలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఎంత దారం కొనాలో కూడా మీ పేజీలో లేదు. తూకం ఉంటే ఇది తేలిక. పూర్తయిన గడి 12 గ్రాములు తూగితే 32 గళ్ళకి 384 గ్రాములు. కలపడానికి, మెడకీ కిందకీ అంచు వేయడానికి ఐదోవంతు కలుపుకుంటే 460 గ్రాముల పైచిలుకు. రంగువారీగా కావాలంటే ఒక గడి అల్లేముందూ అల్లాకా ఆ రంగు ఉండని తూచుకుంటే సరి.

పువ్వు ఏదైతేనేం అనుకోకూడదు. అంతస్తులుగా లేచే గులాబీ ఉంది చూశారూ, ఒక వరస రేకుల వెనక చైన్ (గొలుసు) కుట్ల దండలు వేసి, వాటిమీద ఇంకో వరస రేకులు అల్లేది, అది ఐరిష్ క్రోషే నుంచి వచ్చింది. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు సోకి ఐర్లండులో కరువు వచ్చినప్పుడు, అక్కడి ఆడవాళ్ళు ఆ లేసు అల్లి అమ్మి ఇళ్ళు నిలబెట్టుకున్నారు. నాకు చాలా ఇష్టమైన పువ్వు అది. అయినా టాపుకి మాత్రం వద్దంటాను. దారం ఎక్కువ తింటుంది, బరువెక్కుతుంది, చెయ్యి ఆడేచోట రేకులు ఒరుసుకుని నూగు లేస్తాయి, వీపున ఉంటే ఆనుకుని కూర్చున్నప్పుడు గుచ్చుకుంటాయి. కావాలంటే ఛాతీ పైభాగంలో ఒకటో రెండో పెట్టుకుని, మిగతావన్నీ చదునుగా ఉండే పువ్వులు వేసుకోవచ్చు. ఒకే సందులోంచి దారం పలుమార్లు లాగి ఒకటిగా మూసే పఫ్ కుట్టుతో ఎనిమిది రేకులు వేసి, రెండో రంగుతో రేకుల నడుమ డబుల్ క్రోషే (సింగిల్ కన్నా పొడుగు కుట్టు) గుత్తులు వేసుకుంటూ వెళ్ళి, మూడో వరసలో నాలుగు చోట్ల మూడు డబుల్ క్రోషే, రెండు చైన్లు, మూడు డబుల్ క్రోషే ఒకే సందులో వేస్తే గుండ్రటి పువ్వు చదరంగా మారుతుంది. ఆ మారే వరస దగ్గర చేతిని కాస్త వదలాలి. అక్కడ బిగిస్తే నడుమ పువ్వు బుడిపెలా లేస్తుంది, ఎన్నిసార్లు పిన్నులు పెట్టి ఆరబెట్టినా కిందికి దిగదు.

గళ్ళు ఎక్కడ ఏది పడాలో ముందే కాగితం మీద గీసుకోవాలి. ముందు భాగంలో నాలుగు గళ్ళు వస్తే సరిగ్గా మధ్యలో కలుపు వస్తుంది. మూడో అయిదో వస్తే మధ్యలో పువ్వు వస్తుంది. ముందు తెరుచుకునే బట్టకి సరి సంఖ్య, తలమీంచి వేసుకునేదానికి బేసి సంఖ్య నాకు నప్పుతాయి. పువ్వు బొడ్డు దగ్గరా మూలల దగ్గరా సందులు ఎక్కువ. అవి ఛాతీ మీద ఎక్కడ పడతాయో అద్దంలో చూసుకుని, అవసరమైతే మెత్తటి లోపలిగుడ్డ వేసుకోవాలి.

మీ పేజీలో అన్నిటికన్నా నన్ను ఇబ్బందిపెట్టింది చంక. ‘పక్కలు కలిపి చేతులకి చోటు వదలండి’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. పై వరస ఒక్కటే కలపకుండా వదిలితే చంక లోతు అయిదు అంగుళాలు. పెద్దవాళ్ళ చెయ్యి అందులో ఆడదు. రెండు వరసలు వదిలితే పది అంగుళాలు, అది చేతులు లేని టాపుకి మరీ బార్లా తెరుచుకుంటుంది. పది వదిలి, చుట్టూ నాలుగు గళ్ళ చొప్పున చేతులు పెట్టుకుంటే భుజం కిందికి జారే వదులు తరహా టాప్ కుదురుతుంది. చేతులు వద్దనుకుంటే రెండు వరసలు వదిలి, కింద నుంచి ఒకటి రెండు అంగుళాలు సాదా వరసలు నింపుకోవాలి. మెడకి కూడా దారి ఉంది. ముందు పై వరసలో మధ్యనున్న రెండు గళ్ళ స్థానంలో రెండు సగం గళ్ళు, అంటే మూలకి కోసినట్టుండే త్రికోణాలు, అటూఇటూ తిప్పి అల్లి పెడితే పది అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల లోతుతో వి మెడ వస్తుంది. అంచు వరసలు వేస్తే ఇంకాస్త దగ్గరపడుతుంది.

నడుము దగ్గర ఒంటికి పట్టాలంటే గళ్ళ లెక్క మార్చనక్కర్లేదు. దర్జీపనిలో డార్టు (ఒంటికి పట్టేలా వేసే మడతకుట్టు) వేసేచోట ఇక్కడ సూది మార్చుకుంటే సరిపోతుంది. ఛాతీ వరస 4.5 సూదితో, నడుము వరస 4తో, తుంటి దగ్గర వరస 5తో అవే కుట్లు అల్లితే, పువ్వులన్నీ ఒకేలా ఉంటూనే బట్ట లోపలికీ బయటికీ తిరుగుతుంది. ఈ ఒక్క కిటుకు చెప్పగానే నేర్చుకునేవాళ్ళ ముఖాలు వెలిగిపోవడం నేను చూస్తుంటాను.

కొసల సంగతి ఎవరూ రాయరు. మూడు రంగుల గడికి మొదలూ చివరా కలిపి ఆరు కొసలు. 32 గళ్ళకి 192. ముడివేసి కత్తిరిస్తే రెండు ఉతుకుల్లో ఊడతాయి, ఊడకపోతే ఒంటికి గుచ్చుకుంటాయి. కనీసం ఆరంగుళాల కొస వదిలి, మొద్దు మొన సూదితో అదే రంగు కుట్ల లోపలినుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు, మళ్ళీ ఇటు దూర్చాలి. అది కూడా ఏ గడికా గడి పూర్తయిన వెంటనే చేయాలి. అన్నీ చివరికి అట్టిపెట్టుకుంటే విసుగొచ్చి ముడివేయబుద్ధవుతుంది.

మరో రెండు విషయాలు సవరించమని కోరుతున్నాను. మీ పేజీలో పువ్వు వరసలు ఒక పద్ధతిలో, అంచు వరసలు ఇంకో పద్ధతిలో ఉన్నాయి. అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్ పద్ధతిలో ట్రెబుల్ అంటారు, బ్రిటన్ డబుల్ క్రోషే అమెరికాలో సింగిల్. రెండూ కలిపి రాస్తే వరస ఎత్తు సగమైపోతుంది, గడి కొలత తప్పుతుంది. ఏ పద్ధతో ఒక్క ముక్క రాస్తే చాలు. ఇంకా మంచిది గుర్తుల పటం వేయడం. చైన్‌కి చిన్న సున్నా, అమెరికా డబుల్ క్రోషేకి టీ ఆకారం మీద ఒక అడ్డగీత. జపాన్ క్రోషే పుస్తకాలు ఈ పటాలతోనే వస్తాయి. భాష రానివాళ్ళు కూడా వాటిని చూసి అల్లేస్తారు. మీ పేజీలో ఫొటోకి ఇచ్చిన స్థలంలో నాలుగోవంతు దానికి ఇస్తే సరిపోతుంది.

రెండోది, ఇలాంటి టాపులు ఇప్పుడు మిషన్ల మీద కూడా అల్లుతున్నారని రాశారు. అది నిజం కాదు. మిషన్ల మీద వచ్చేది క్రోషేలా కనిపించే వేరే అల్లిక. పరిశోధనశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి గానీ, ఫ్యాక్టరీల్లో బట్టలు తయారుచేసే క్రోషే యంత్రం లేదు. దుకాణంలో అసలైన గ్రానీ స్క్వేర్ల టాప్ కనిపిస్తే, దాని ప్రతి కుట్టూ ఒక మనిషి వేసిందే. యంత్రం పని అనుకుంటే కొనేవాళ్ళు ధర గీచిగీచి బేరమాడతారు, ఆ కోత అల్లినవాళ్ళ కూలి మీద పడుతుంది. చేతిపని మీద బతికేదాన్ని, అందుకే ఈ మాట చదివి నాకు బాధ కలిగింది. సవరణ వేస్తే సంతోషిస్తాను.

పత్రికలకీ ఈ గళ్ళకీ పాత చుట్టరికమే ఉంది. తెలిసినంతలో గ్రానీ స్క్వేర్ నమూనా మొదటిసారి అచ్చయింది 1885లో, అమెరికాలోని ‘ప్రెయిరీ ఫార్మర్’ అనే వ్యవసాయ పత్రికలో. పాఠకురాలు ఒకావిడ పంపితే వేశారు. మిగిలిపోయిన ఊలు తునకలతో దుప్పట్లు అల్లుకునే ఇళ్ళకి అలా పత్రిక ద్వారానే అది చేరింది. ఇప్పుడు మీ పేజీ చూసి మొదలుపెట్టినవాళ్ళు అల్లుతున్నది దుప్పటి కాదు, బట్ట. వాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ చెప్పాల్సి ఉంది.

కాబట్టి నా విన్నపం ఇది. వచ్చే అనుబంధంలో అదే టాపుకి దారం మందం, సూది సైజు, ఉతికాక గడి కొలత, ఏ ఛాతీకి ఎన్ని గళ్ళు, చంక లోతు, ఎన్ని గ్రాముల దారం అనేవి చిన్న పెట్టెలో వేయండి. మూడు కొలతలకి ఇస్తే మరీ మంచిది. ఛాతీ 32కి, 36కి, 40కి అవే ఎనిమిది గళ్ళు ఉంచి, గడి కొలతని నాలుగున్నర, అయిదు, అయిదున్నర అంగుళాలు చేస్తే చుట్టుకొలత 36, 40, 44 వస్తుంది. అందరికీ నాలుగంగుళాల లూజు ఉంటుంది. కలిపే వరస వెడల్పు కూడా ఆ కొలతలోనే లెక్కవేయాలి. పట్టిక తయారుచేసి పంపమంటే పంపుతాను, నా పేరు వేయనక్కర్లేదు.

ఇప్పటికే గళ్ళు అల్లేసి, కలపకుండా కూర్చున్నవాళ్ళు ఉంటే తొందరపడి విప్పొద్దని కూడా ఒక మాట రాయండి. ముందు నాలుగు గళ్ళు తడిపి ఆరబెట్టి కొలవమనండి. చిన్నవైతే చుట్టూ ఇంకో వరస సింగిల్ క్రోషే వేసుకోవచ్చు. కాస్త పెద్దవైతే బయటి వరస ఒక్కటి విప్పి పొట్టి కుట్లతో మళ్ళీ వేసుకోవచ్చు. మరీ పెద్దవైతే ఒక నిలువు వరస తీసేసి, ముందు తెరిచిన కోటుగా మార్చుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక దర్జీ